హోప్ టౌన్‌లో సైకిల్ అప్పులు

సైకిల్ కోసం మా దగ్గర మొట్టమొదట అప్పు అడిగిన మనిషికి సైకిల్ తొక్కడం రాదు. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది. నా ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిట్లోకీ నాకు ఇష్టమైన పని ఆ నవ్వుతోనే మొదలైంది.

బాంబూఫ్లాట్‌లో ఒక సహకార సొసైటీలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఆడవాళ్ళ గ్రూపులకు చిన్న చిన్న అప్పులు ఇవ్వడం మా పని. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళు కట్టాలి. ఇప్పుడు ఆ సీట్లలోకి వస్తున్న పిల్లలు కనిపించినప్పుడల్లా, "దీదీ, ట్రైనింగ్‌లో చెప్పనిది ఏదైనా చెప్పండి" అంటుంటారు. ఇది వాళ్ళ కోసం. మా దీవుల్లో పుట్టిన తెలుగు పిల్లలు గలగలా మాట్లాడతారు గానీ చదవమంటే తడుముకుంటారు. నాకైనా నాలుగు అక్షరాలు వచ్చింది సండే స్కూల్లోనే. అందుకని చిన్న చిన్న మాటల్లో రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ ఫారాల గురించీ మీకు ఎవరైనా చెబుతారు. నేను సైకిళ్ళ గురించి చెబుతాను.

నూకరత్నం అడిగింది

హోప్ టౌన్‌లో నూకరత్నం వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మొగుడు సింహాచలం, మరిది కలిసి చిన్న డుంగీ మీద వేటకు వెళ్తారు. డుంగీ అంటే ఇంజిన్ బిగించిన చిన్న పడవ. తెల్లారాక పడవ ఒడ్డుకొస్తే చేప అమ్మడం ఆమె పని.

అమ్మడం అంటే ఏముంది? ఒడ్డు మీద చేపలు కొనే జగ్గారావు సేఠ్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయన చెప్పిందే రేటు. బాంబూఫ్లాట్ జెట్టీ బజారులో అదే చేప ఎంతకు పోతుందో అందరికీ తెలుసు. కానీ అక్కడికి చేరాలి కదా! నెత్తిన తట్టతో నడిస్తే వెళ్ళేసరికి బజారు అయిపోతుంది. చేపల తట్ట చూస్తే బస్సువాడు ఆపడు. ఆటో ఎక్కితే లాభం ఆటోవాడికే.

ఒకరోజు గ్రూపు మీటింగ్‌లో నూకరత్నం లేచింది.

"దీదీ, నాకు సైకిల్ లోన్ గావాల."

"నీకు తొక్కడం వచ్చా?"

"రాదు."

అందరూ పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "పుట్టినప్పుడు నడవడం మాత్రం వచ్చిందేటి? నేర్సుకుంటాను. ముందు ఇస్తావో ఇవ్వవో సెప్పు" అంది.

ఆ గ్రూపుకు లీడరు ఎస్తేరు. మా చర్చి మనిషే. మిషన్ మీద బట్టలు కుడుతుంది. తెగ లెక్క చూసే మనిషి. ఆమె కాదంటుందనుకున్నాను. ఆమె మాత్రం, "రూతక్కా, ఈమెకిస్తే నాకూ ఇవ్వాలి మరి. కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చుకోడానికి నా కాళ్ళు అరిగిపోతున్నాయి" అంది. అంతే, మిగతా ముగ్గురూ మాకూ కావాలని చేతులెత్తారు. అప్పులు పంచే ఉద్యోగంలో ఇదొక గుర్తు. మనం నచ్చజెబితే తీసుకునే అప్పు వేరు. వాళ్ళు లేచి నిలబడి అడిగే అప్పు వేరు.

ముందు తొక్కి చూపించండి

మా మేనేజరు దత్తా సార్. బెంగాలీ ఆయన. మంచివాడే గానీ ప్రతి కొత్త పనినీ ముందు కాదనడం ఆయనకు అలవాటు.

"మేడమ్, తొక్కడం రానివాళ్ళకి సైకిల్ లోనా? రేపు ఈత రానివాళ్ళకి పడవ కూడా ఇస్తారా?"

"ఈత రానివాళ్ళం కూడా రోజూ ఫెర్రీ ఎక్కుతున్నాం కదా సార్."

నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. "సరే. హోప్ టౌన్ నుంచి ఆఫీసు దాకా తొక్కుకుంటూ రమ్మనండి. వస్తే చూద్దాం" అన్నాడు.

మిగతా నలుగురికీ కాస్తో కూస్తో వచ్చు. నూకరత్నం సంగతే మొదటినుంచీ మొదలుపెట్టాలి. హోప్ టౌన్ స్కూలు గ్రౌండులో నా సైకిల్ మీదే నేర్పాను. నైటీ అంచు ఎగదోపి, తువ్వాలు నడుముకు బిగించి ఎక్కేది. నేను వెనక పట్టుకుని పరిగెత్తేదాన్ని. రెండు బారలు పోగానే హ్యాండిల్ వణికేది, ఇద్దరం కిందపడేవాళ్ళం. గోడ మీద కూర్చుని చూసే మగవాళ్ళు, "అరే దీదీ, అది చేప కాదు, పట్టుకుంటే చాలదు" అని వేళాకోళం చేసేవారు. ఆమె వినేది కాదు. నెత్తిన తట్ట మోసిన మనిషికి మెడ నిలపడం ఎవరూ నేర్పక్కర్లేదు. చూపు మాత్రం కిందకి పోయేది. "చక్రం చూడకు, దారి చూడు" అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఒకరోజు నేను వదిలేసిన సంగతి ఆమెకు తెలియలేదు. గ్రౌండు చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చేసరికి నన్ను చూసి కెవ్వున అరిచింది. "వదిలీసినావేటే! సచ్చాను!" అంటూనే ఇంకో చుట్టు వేసింది.

ఆఫీసుకు వచ్చిన రోజు ఇంకా బాగుంది. దత్తా సార్ గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డాడు. మలుపు దగ్గర బెల్లు వినబడింది. ఆగకుండా మోగుతూనే ఉంది. "జరగండి సార్! హటో!" అని అరుస్తూ వచ్చి మా ఆఫీసు పూలకుండీని గుద్ది ఆగింది. మోచెయ్యి చీరుకుపోయింది. ముఖమంతా చెమట. లేచి దులుపుకుని, "ఒచ్చీసినాను కదా! ఎక్కడ సంతకం?" అంది.

దత్తా సార్ పగిలిన కుండీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి పెన్ను తీశాడు.

గులాబీ రంగు బుట్టలు

మా వాళ్ళు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. సైకిళ్ళు ఏవి కొనాలో హెడ్డాఫీసు నిర్ణయించింది. ఆడవాళ్ళకు కదా అని లేడీస్ సైకిళ్ళు తెప్పించారు. గులాబీ రంగు, ముందు ముచ్చటైన బుట్ట, వెనక పుల్లల్లాంటి క్యారియర్.

నూకరత్నం బుట్టలో చెయ్యిపెట్టి చూసింది. "దీదీ, ఇందులో ఏటి ఎట్టాల? పౌడరు డబ్బానా?"

చేపల టబ్బు పెట్టిన రెండో రోజే క్యారియర్ వంగిపోయింది. ఉప్పుగాలికి గొలుసులు ఎర్రబడ్డాయి. ఇంకో ఊరి ఆడవాళ్ళయితే తిరిగి ఇచ్చేసేవారేమో. వీళ్ళు ఎవర్నీ అడగలేదు. బాంబూఫ్లాట్ వెల్డింగ్ షాపులో ఇనుపరాడ్లతో క్యారియర్లు కట్టించుకున్నారు. ముందు బుట్టలు ఊడదీసి కోళ్ళ గూళ్ళలో పెట్టారు. డుంగీ ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ రోజూ గొలుసులకు పూశారు. గులాబీ రంగు పోయి సైకిళ్ళు నల్లగా, గట్టిగా తయారయ్యాయి.

సొసైటీ ఇచ్చిన సైకిల్‌ని అనుమతి లేకుండా మార్చారని హెడ్డాఫీసు వాళ్ళు గొడవపడ్డారు. దత్తా సార్ ఆ గొడవను ఎలా సర్దాడో నాకు తెలియదు. మా దాకా మాత్రం రానివ్వలేదు. మొదట కాదనే బాసు గురించి బెంగపడకండి. ఒకసారి అవునన్నాక నిలబడతాడా లేదా, అది చూసుకోండి.

ఐస్ ఆగిపోయిన రోజు

నూకరత్నం బజారులో చేప అమ్మడం మొదలుపెట్టింది. ఒక వారం బ్రహ్మాండంగా సాగింది. తర్వాత ఒక సాయంత్రం ఎస్తేరు ఫోన్ చేసింది.

"రూతక్కా, సేఠ్ ఐస్ ఆపేశాడు."

సంగతి ఇది. డుంగీ సింహాచలం వాళ్ళదే, ఐస్ మాత్రం సేఠ్‌ది. ఒడ్డు మీద ఐస్ డబ్బా ఆయన ఒక్కడి దగ్గరే ఉంది. మా ఎండలో ఐస్ లేని చేప బాంబూఫ్లాట్ చేరేలోపే మెత్తబడిపోతుంది. "బజారులో అమ్మేవాళ్ళు ఐస్ కూడా బజారులోనే కొనుక్కోండి" అన్నాడట. బజారులో ఐస్ దొరకదని ఆయనకు తెలుసు.

నేను వెళ్ళేసరికి సింహాచలం గుమ్మంలో తల పట్టుకుని కూర్చున్నాడు. "సైకిల్ ఒద్దు, ఏటొద్దు దీదీ. ఆయన్తో పెట్టుకుని ఈ ఒడ్డు మీద బతగ్గలమా? ఆఫీసుకి తిరిగిచ్చీండి."

నూకరత్నం తల దించుకుని కూర్చుంది. ఆమెను అలా నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. ఆమె వెనక్కి తగ్గితే ఆ అప్పు భారం మిగతా నలుగురి మీదా పడుతుంది.

పక్కనే ఉన్న ఎస్తేరు అడిగింది. "ఐస్ ఎక్కడ తయారవుతుంది?"

"ఫెర్రీ దాటితే అవతలొడ్డున. ఫీనిక్స్ బే దగ్గర ఫ్యాక్టరీలో" అన్నాను.

"అక్కడ సేఠ్‌కి మాత్రమే అమ్ముతారా?"

"అందరికీ అమ్ముతారు."

"అయితే మనకి సైకిళ్ళు ఎందుకున్నాయే?"

నూకరత్నం తల పైకెత్తింది. నాకు ఆ ముఖం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

మర్నాడు పొద్దున్నే మొదటి ఫెర్రీకి ఎస్తేరు, నేను సైకిళ్ళతో అవతలికి వెళ్ళాం. నూకరత్నం పడవ కోసం ఒడ్డునే ఉండాలి. లోన్ ఆఫీసరు ఐస్ మోయకూడదని మా రూల్సులో ఎక్కడా లేదు. ఐస్ దిమ్మలు గోనెసంచుల్లో చుట్టి, మధ్యలో రంపపు పొట్టు దట్టించి, థర్మోకోల్ పెట్టెల్లో పెట్టి క్యారియర్లకు కట్టుకున్నాం. తీరా జెట్టీకి వస్తే ఫెర్రీ ఆలస్యం. నేను తెలియనివాళ్ళందరి మీదా చిరాకుపడుతున్నాను. ఎస్తేరు మాత్రం పెట్టెలను నీడలోకి లాగి, తన చున్నీ తీసి వాటిమీద కప్పింది.

ఫెర్రీ మీద మా పెట్టెల్లోంచి నీళ్ళు కారి ఒక పెద్దమనిషి బూట్లు తడిశాయి. "క్యా హై యే?" అని కసిరాడు. ఎస్తేరు సంగతంతా చెప్పింది. ఆయన బాంబూఫ్లాట్‌లో దిగేటప్పుడు నా సైకిల్ తనే పట్టుకుని ర్యాంపు మీదకు ఎక్కించాడు. "జల్దీ జాయియే దీదీ" అని వెనకనుంచి తోశాడు కూడా.

అక్కణ్ణించి తొక్కాం చూడండీ! సముద్రం పక్కనే రోడ్డు. ఎండ ఎక్కుతోంది. వెనక నీళ్ళు టపటపా కారుతున్నాయి. ప్రతి చుక్కకూ ఐస్ తరిగిపోతున్నట్టే ఉంది. ఎత్తు దగ్గర దిగి నెట్టాం. పైకి చేరామో లేదో ఎస్తేరు గొలుసు ఊడింది. కుట్టుపని చేసే వేళ్ళు కదా, నేను సైకిల్ ఎత్తి పట్టుకునేలోపే ఎక్కించేసింది. చేతుల నలుపు బుగ్గలకు అంటుకుంది. పల్లంలో ఇద్దరం బ్రేకు వదిలేశాం. నా వయసుకు అది చేయాల్సిన పని కాదు. కానీ గాలి ముఖానికి కొడుతుంటే నేను గట్టిగా నవ్వుతున్నాను. ఎందుకో నాకే తెలియదు.

ఒడ్డున నూకరత్నం మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉంది. పడవ అప్పుడే తగులుతోంది. వంజరాలు, కానాగడతలు, నిండుగా వేట! మమ్మల్ని చూసి తువ్వాలు తిప్పుతూ, "బేగి! బేగి రండే!" అని అరిచింది. సింహాచలం పడవ దిగి సంచి విప్పి చూశాడు. దిమ్మలు సగమే మిగిలాయి. సగం చాలు. రాయి తీసుకుని తనే పగలగొట్టాడు. రాత్రి తిరిగిచ్చీండి అన్న మనిషే టబ్బుల్లో చేపా ఐసూ వరసలు పేర్చాడు.

జగ్గారావు సేఠ్ కుర్చీలోంచి లేవలేదు. చూస్తూనే ఉన్నాడు. నూకరత్నం ఆయన ముందునుంచే సైకిల్ తొక్కుకుంటూ పోయింది. వెనక గ్రూపులో ఇంకో ఇద్దరు. ఆరోజు బజారులో చేప మొత్తం అమ్ముడుపోయింది. మధ్యాహ్నం ముగ్గురూ ఖాళీ టబ్బుల మీద దరువు వేసుకుంటూ ఊళ్ళోకి వచ్చారు.

ఆ తర్వాత వంతులు వేసుకుని రోజూ ఎవరో ఒకరు ఐస్ తెచ్చారు. నేను మళ్ళీ వెళ్ళలేదు. వెళ్తానంటే ఎస్తేరు, "ఒద్దక్కా, నువ్వు పల్లంలో బ్రేకు వెయ్యవు" అంది.

గోడకు ఆనించిన సైకిళ్ళు

ఈ వార్త చుట్టుపక్కల పాకింది. ఇంకో రెండు ఊళ్ళ గ్రూపులు సైకిళ్ళు కావాలన్నాయి. ఇవ్వాలో వద్దో తేల్చడానికి దత్తా సార్ స్వయంగా హోప్ టౌన్ వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు.

చూస్తే ఏముంది? అమ్మకం వేళకి నూకరత్నం సైకిల్ ఇంటి గోడకు ఆనించి ఉంది. పక్కింట్లో ఇంకొకటి. తాళాలు కూడా వేసి ఉన్నాయి.

"మేడమ్, ఇవి తొక్కడం లేదా?"

ఈమధ్య వేరే గ్రూపుల పనిలో పడి నేనూ ఇటు రాలేదు. కిస్తీలు మాత్రం తప్పకుండా వస్తున్నాయి. తొక్కని సైకిల్‌కు కిస్తీ ఎక్కణ్ణించి వస్తోంది? అప్పు చేసి కడుతున్నారా? ఇద్దరం ఒడ్డుకు నడిచాం.

నూకరత్నం అక్కడే ఉంది. సేఠ్‌కే చేప తూకం వేయిస్తోంది! దత్తా సార్ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నాను.

సార్ నేరుగా సేఠ్ దగ్గరకే వెళ్ళాడు. "క్యా రేట్ దే రహే హో?"

సేఠ్ విసుగ్గా రేటు చెప్పాడు. బాంబూఫ్లాట్ బజారు రేటుకు కాస్త తక్కువ, అంతే. పాత రేటుకు దానికీ పోలికే లేదు.

"ఇంత ఇస్తున్నారా?"

"ఇవ్వక ఏం చేస్తాను సాబ్? తక్కువ చెబితే చాలు, సైకిల్ తాళం చేతిలో ఆడిస్తుంది. మీరు ఆ సైకిళ్ళు తీసుకుపోండి సాబ్, మీకు పుణ్యం ఉంటుంది."

"కానీ వాళ్ళు తొక్కడం లేదుగా?"

"తొక్కితే బాగుండును!" సేఠ్ కుర్చీలోంచి లేచాడు. "తొక్కిన రోజు ఆమె చేప ఒక్కటే పోతుంది. తొక్కని రోజు ఆమెకిచ్చిన రేటు ఈ ఒడ్డు మీద అందరికీ ఇవ్వాల్సి వస్తోంది. సైకిల్ లేనివాళ్ళు కూడా అదే అడుగుతున్నారు!"

దత్తా సార్ నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ ఆపుకోలేకపోయాను. నూకరత్నం తక్కెడ వదిలేసి, "ఏటి దీదీ, ఏటైంది? ఎందుకలా నవ్వుతున్నారు?" అని మా ముఖాలు చూస్తోంది. ఆమెకు అందులో వింతేమీ లేదు. రేటు బాగుంటే ఇక్కడ, లేకపోతే అక్కడ. అంతేగా!

కొత్తగా చేరిన పిల్లలూ, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. మనం సైకిల్ ఎంత దూరం తిరిగింది అని అడుగుతాం. అడగాల్సింది అది కాదు. "ఇంతకుముందు కాదనలేని మనిషికి ఇప్పుడు కాదని చెప్పగలుగుతున్నావా?" అని అడగండి. దానికి అవునని జవాబు వస్తే ఆ అప్పు పండినట్టే.

అందరికీ ఇలాగే జరిగిందని చెప్పను. ఆ గ్రూపులోనే ఒకామెకు అమ్మకం ఒంటబట్టలేదు. నాలుగు రోజులు తిరిగి మానేసింది. ఆమె సైకిల్ మీద కూతురు హైస్కూలుకు వెళ్ళింది. కిస్తీలు మాత్రం కొబ్బరికాయలు అమ్మి కట్టుకుంది. మా లెక్కల్లో అది జీవనోపాధికి ఉపయోగపడని అప్పు. నన్నడిగితే అలా అనను.

జెట్టీ మీద

రెండో విడత సైకిళ్ళను ఆడవాళ్ళే చూసి ఎంచుకున్నారు. నలుపు, లావుపాటి టైర్లు, బరువు మోసే క్యారియర్లు. అవి ఫెర్రీ మీద బాంబూఫ్లాట్ వచ్చిన ఉదయం జెట్టీ కిటకిటలాడింది. కొత్త గ్రూపుల ఆడవాళ్ళు తెల్లారకముందే వచ్చి కూర్చున్నారు. నూకరత్నం, ఎస్తేరు వాళ్ళకు తొక్కడం ముందే నేర్పేశారు. నన్ను ఒక్కరోజు కూడా పిలవలేదు.

నేనొక పద్ధతి అనుకున్నాను. ముందు అందర్నీ వరసగా నిలబెట్టాలి. దత్తా సార్ రెండు ముక్కలు మాట్లాడతాడు. ఒక్కొక్కరి పేరు పిలిచి, సంతకం పెట్టించి, తాళం చేతికివ్వాలి. అందరం కలిసి ఒక ఫోటో దిగాలి.

ఫెర్రీ ర్యాంపు దిగిందో లేదో, ఒకామె గబగబా లోపలికి వెళ్ళి ఒక సైకిల్ దింపుకుంది. సీటు తుడిచి ఎక్కేసింది. ఆమెను చూసి ఇంకొకామె. "అరే రుకో, రుకో!" అని దత్తా సార్ చేతులు ఊపుతున్నాడు. ఎవరు వింటారు! బెల్లులన్నీ ఒకేసారి మోగాయి. చీరలు, నైటీలు, చుడీదార్లు జెట్టీ మీదనుంచి రోడ్డెక్కాయి. ఆటోవాళ్ళు బండ్లు పక్కకు తీశారు. నూకరత్నం అందరికంటే ముందు లేచి నిలబడి తొక్కుతూ, "చక్రం సూడకండే! దారి సూడండి!" అని వెనక్కి తిరిగి అరుస్తోంది. మలుపు తిరిగాక కూడా ఆ గొంతు వినబడుతూనే ఉంది.

సంతకాలు లేని కాగితాల కట్టతో జెట్టీ మీద నేనూ దత్తా సారూ మిగిలాం. ఆయన కాగితాల వైపు చూశాడు, ఖాళీ రోడ్డు వైపు చూశాడు.

"ఇప్పుడేం చేద్దాం మేడమ్?"

"వెనకే వెళ్దాం సార్" అన్నాను. నా సైకిల్ తీశాను.